తక్కువ ఖర్చుతో చన్నీటి అక్వేరియం: తరచుగా అడిగే ప్రశ్నలు

చన్నీటి అక్వేరియం అంటే నీళ్లను చల్లబరచాలా?

అక్కర్లేదు. హీటర్ లేకుండా, గది వేడిని బట్టి నడిచే తొట్టి అని అర్థం. ఇందులో పెంచే చేపల్లో ఎక్కువ వాటికి 16 నుంచి 23 డిగ్రీల సెల్సియస్ మధ్య హాయిగా ఉంటుంది. కొన్ని ఇంకా చలికి ఓర్చుకుంటాయి, కొన్ని 25 దాకా సర్దుకుంటాయి. అందుకే తొట్టి కొనే ముందు ఒక థర్మామీటర్ కొనండి. తొట్టి పెట్టాలనుకున్న చోట ఒక గిన్నెడు నీళ్లు పెట్టి, వారం పాటు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఎంత చూపిస్తోందో రాసుకోండి. ఏడాదిలో ఎక్కువ కాలం 26, 27 డిగ్రీలు ఉండే గది అయితే చన్నీటి చేపల మీద ఆశ వదులుకోవడమే మంచిది. అలాంటి గదిలో గప్పీలు, ప్లాటీల వంటి వెచ్చటి నీటి చేపలే హీటర్ లేకుండా బతుకుతాయి. మీకూ ఖర్చు తక్కువ.

హీటర్ లేదంటే ఖర్చు బాగా తగ్గినట్టేనా?

కరెంటు బిల్లులో తగ్గుతుంది. 3 వాట్ల ఎయిర్ పంపు నెలంతా ఆగకుండా నడిచినా 2 యూనిట్లు కాస్త దాటుతుంది, అంతే. అదే 50 వాట్ల హీటర్ రోజులో సగం సేపు వెలిగితే నెలకు 18 యూనిట్లు. అయితే హీటర్ దగ్గర మిగిలిన డబ్బు గోల్డ్‌ఫిష్ దగ్గర పోతుంది. చన్నీటి చేప అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. పెద్ద తొట్టి, గట్టి ఫిల్టర్, తరచూ నీళ్లు మార్చడం, అన్నీ దానికే కావాలి. ఖర్చు తగ్గాలంటే గోల్డ్‌ఫిష్ వద్దనుకోవడంతోనే సగం పని అయిపోతుంది. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు. కారణాలు కింద చెప్తాను.

ఉన్న కొద్ది డబ్బు దేనికి పెట్టాలి?

మొదట తొట్టి సైజుకు, తర్వాత ఫిల్టర్‌కు, ఆ తర్వాత నీళ్లను పరీక్షించే టెస్ట్ కిట్‌కు. చేపలకు ఆఖర్న. నేను మొదటిసారి చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. రంగు రాళ్లు, ప్లాస్టిక్ కోట, బుడగలు వదిలే నిధిపెట్టె, ఎనిమిది చేపలు, అన్నీ ఒకే రోజు కొన్నాను. మూడు వారాలకు కోట, నిధిపెట్టె మిగిలాయి.

ఎంత తొట్టి కావాలి? చిన్నదైతే చూసుకోవడం సులువు కదా?

అందరూ అలాగే అనుకుంటారు, జరిగేది వేరు. 10 లీటర్ల నీళ్లలో తినకుండా మిగిలిన తిండి కొంచెం కుళ్లినా నీళ్లు పాడైపోతాయి. 60 లీటర్లలో అదే పొరపాటు పెద్దగా తెలియదు. గది వేడి పెరిగినా తగ్గినా పెద్ద తొట్టిలో ఆ మార్పు నెమ్మదిగా వస్తుంది. కొత్తవాళ్లకు 54 నుంచి 65 లీటర్ల తొట్టి అనువు. లెక్క కట్టడం తేలిక: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60×30×36 అయితే దాదాపు 65. రాళ్లు, పైన వదిలే జాగా పోను అందులో పట్టేది 50 నుంచి 55 లీటర్లే.

లీటరు నీళ్లు కిలో బరువు. గాజు, రాళ్లు కలిపితే ఈ తొట్టి 75, 80 కిలోలకు వస్తుంది. పుస్తకాల అర మీద పెట్టే వస్తువు కాదు. అడుగు గాజు నేరుగా బల్లకు ఆనే రకం అయితే కింద థర్మోకోల్ షీటు వేయండి. చిన్న ఇసుక గింజ ఒక్కటి ఉన్నా బరువంతా అక్కడే పడి గాజు పగలొచ్చు. కిటికీ ఎండ తగిలే చోటు వద్దు.

సైజులు ఒకే లెక్కన ఉంటే పొడుగ్గా ఉన్నది తీసుకోండి, ఎత్తుగా ఉన్నది కాదు. నీళ్లలోకి ఆక్సిజన్ పైనున్న ఉపరితలం నుంచే చేరుతుంది.

గాజు గిన్నెలో ఒక్క గోల్డ్‌ఫిష్ పెట్టుకుంటే తప్పేంటి?

గుండ్రటి గిన్నెను మెడ దాకా నింపితే గాలి తగిలే నీళ్లు అరచేతి వెడల్పున మిగులుతాయి. ఫిల్టర్ పట్టదు. పైగా అందులో వేసే చేప చిన్నది కాదు, చిన్నగా ఉన్నది. కామెట్ రకం గోల్డ్‌ఫిష్ 25 నుంచి 30 సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండు తోకల ఫ్యాన్సీ రకాలు 15 నుంచి 20. సరిగ్గా చూసుకుంటే పదీ పదిహేనేళ్లు బతుకుతాయి. 1956లో ఒక జాతరలో బహుమతిగా దొరికిన టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో పోయింది. గిన్నెలో చేప మూడు నెలలకు చనిపోతే 'దాని ఆయుష్షు అంతే' అనుకుంటాం. దాని ఆయుష్షు అది కాదు.

'తొట్టిని బట్టి చేప పెరుగుతుంది' అనే మాట కూడా వింటుంటారు. పెరగకపోవడం నిజమే. మురికి నీళ్లలో ఎదుగుదల ఆగిపోవడం అది, సర్దుకుపోవడం కాదు.

వాడిన పాత తొట్టి కొనొచ్చా?

తప్పకుండా. అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే. మూలల్లో సిలికాన్ లేచిపోయిందేమో, అంచుల్లో గాజు పెచ్చులూడిందేమో చూడండి. ఇంటికి తెచ్చి, నీళ్లు పడినా ఫర్వాలేని చదునైన చోట కింద పొడి కాగితాలు పరిచి, నిండా నింపి రెండు రోజులు వదిలేయండి. కాగితం తడిస్తే ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. కారితే పాత సిలికాన్ బ్లేడుతో గీకేసి, బూజు మందు కలపని అక్వేరియం సిలికాన్ మళ్లీ వేసి, ట్యూబు మీద రాసినన్ని గంటలు ఆరనివ్వాలి. తెల్లటి ఉప్పు మరకలకు వెనిగర్ చాలు. సబ్బు, డిటర్జెంట్ మాత్రం ముట్టుకోవద్దు. వాటి జిడ్డు ఎంత కడిగినా ఓ పట్టాన వదలదు.

ఫిల్టర్ ఏది చవక?

ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. కానీ చెడిపోయే భాగాలు లేవు, స్పాంజ్ ఏళ్ల తరబడి ఉంటుంది, చిన్న చేపపిల్లలను లోపలికి లాగదు. 60 లీటర్లకు కాస్త పెద్ద సైజుది తీసుకోండి. పంపును నీటి మట్టానికి పైన పెట్టండి. కుదరకపోతే గాలి గొట్టం మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ బిగించండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలో వెనక్కి వచ్చి పంపును, ప్లగ్గును తడుపుతాయి. ఆ వాల్వ్ తొట్టిలోని వస్తువులన్నిటికంటే చవక.

ఉత్త గాలిరాయి ఒక్కటే చాలదు. అది బుడగలిస్తుంది, మురికి తియ్యదు.

అడుగున ఏం వేయాలి?

కడిగిన నది ఇసుక గానీ సన్న గులకరాళ్లు గానీ 3, 4 సెంటీమీటర్ల మందాన. బకెట్లో వేసి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి, చేతులు నొప్పెడతాయి. బయట ఏరుకున్న రాయి మీద వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. అది నీళ్ల గట్టిదనాన్నీ, ఆమ్లమో క్షారమో చెప్పే కొలత అయిన పీహెచ్‌నూ పెంచుతుంది, పక్కన పెట్టేయండి.

కుళాయి నీళ్లు నేరుగా పోయొచ్చా?

మందు కలిపిన నీళ్లయితే వద్దు. క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది, మనకు కావాల్సిన బ్యాక్టీరియాను చంపుతుంది. ఒక రోజు మూత లేకుండా వదిలేస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది. కానీ కొన్ని చోట్ల క్లోరమిన్ కలుపుతారు, అది అలా పోదు. యాంటీ క్లోరిన్ చుక్కలు వాడితే టెన్షన్ ఉండదు, ఒక సీసా చాలా కాలం వస్తుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు. ఒక రాత్రి గాలిరాయి వేసి ఉంచి వాడండి.

సైక్లింగ్ సైక్లింగ్ అంటారు, ఏమిటది?

ఈ పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. మిగిలిన తిండి, మలం కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. అది చేపకు విషం. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని తిని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, అది చేప రక్తాన్ని ఆక్సిజన్ మోయనివ్వదు. దాన్ని నైట్రోస్పైరా లాంటి మరో బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంచెం ఉన్నా చేపలు తట్టుకుంటాయి, మనం వారం వారం నీళ్లు మార్చి దాన్ని తగ్గిస్తాం.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో కంటే స్పాంజ్ మీద, రాళ్ల మీద ఎక్కువగా ఉంటుంది. కొత్త తొట్టిలో దాదాపు ఉండదు. చేపలు తెచ్చే ముందే దాన్ని పెంచి నిలదొక్కుకోనివ్వడమే సైక్లింగ్, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చన్నీటిలో ఇంకా నెమ్మది. 18 డిగ్రీల దగ్గర ఎనిమిది వారాలు పట్టినా కంగారు పడకండి. కొత్తవాళ్ల తొట్టిలో రెండో మూడో వారంలో చేపలు వరసగా పోవడానికి చాలాసార్లు కారణం ఇదే. నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటాయి. ఏ రోగమో అని మందులు పోస్తాం.

చేపలు లేకుండా అమ్మోనియా ఎక్కడి నుంచి వస్తుంది?

చేపలున్నట్టే రోజూ చిటికెడు చేప తిండి వేయండి, అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. ఖర్చు లేదు, కాస్త వాసన వస్తుంది. రెండో దారి సువాసన, సబ్బు కలపని అమ్మోనియా ద్రావణం. సీసా ఊపితే నిలిచే నురగ వస్తే అందులో ఏదో కలిసినట్టే, వాడొద్దు. కిట్‌తో చూసుకుంటూ 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేదాకా చుక్కలు వేయండి. తగ్గినప్పుడల్లా మళ్లీ అంత చేయండి. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే సిద్ధమైనట్టు. అప్పుడు సగం పైగా నీళ్లు మార్చి చేపలు తెచ్చుకోవచ్చు.

దగ్గరదారి లేదా?

ఒకటుంది. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉన్న స్నేహితులెవరైనా ఉంటే వాళ్ల ఫిల్టర్‌లోని స్పాంజ్ ముక్క అడగండి. తడి ఆరకుండా తొట్టి నీళ్లలోనే తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. నెలన్నర పని రెండు వారాలకు దిగొచ్చు. వాళ్ల తొట్టిలో జబ్బులుంటే అవీ వస్తాయి, చూసుకోండి. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కొన్నిసార్లు పని చేస్తుంది, కొన్నిసార్లు రంగునీళ్లతో సమానం. తక్కువ బడ్జెట్‌లో నేను దాని జోలికి వెళ్లను.

టెస్ట్ కిట్ లేకపోతే నడవదా?

నడుస్తుంది, కళ్లకు గంతలు కట్టుకుని నడిచినట్టు. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ చూపించే చుక్కల కిట్ ముందు ఖరీదు అనిపించినా, వందసార్లు పైగా వస్తుంది కాబట్టి లెక్కకు కాగితపు స్ట్రిప్పుల కంటే చవక పడుతుంది. పోయిన చేపల ఖర్చు కూడా కలిపి లెక్కేయండి.

మరి ఏ చేపలు పెంచాలి?

60 లీటర్ల తొట్టికి నా మొదటి ఓటు వైట్ క్లౌడ్ మౌంటెన్ మిన్నోకి. నాలుగు సెంటీమీటర్ల చేప. ఒంటి పొడవునా మెరిసే గీత, ఎర్రటి తోక. చైనాలో గ్వాంగ్‌జౌ దగ్గరున్న తెల్లమబ్బుల కొండ మీది వాగుల్లో దొరికింది, 1932లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. నియాన్ టెట్రాలనే మెరిసే చేపలు ఖరీదుగా ఉన్న రోజుల్లో దీన్ని 'పేదవాడి నియాన్' అనేవారు. నా కంటికి నియాన్ కంటే ఇదే బాగుంటుంది. 14 నుంచి 22 డిగ్రీలు దీనికి సరిపడతాయి. గుంపులో ఉంటేనే ధైర్యంగా తిరుగుతుంది, కనీసం ఎనిమిది తెచ్చుకోండి. మగవి ఒకదాని ముందు ఒకటి రెక్కలు విప్పి చూపించుకునే పోటీ చూడ్డానికి సరదాగా ఉంటుంది, దెబ్బలాట దాకా పోదు. మొక్కలు ఒత్తుగా ఉంటే గుడ్లు పెట్టి, పిల్లలు కూడా బయటికొస్తాయి.

జీబ్రా డేనియోలు ఇంకా మొండివి, 18 నుంచి 24 డిగ్రీల్లో హాయిగా ఉంటాయి. క్షణం ఊరుకోవు. అందుకే 60 సెంటీమీటర్ల పొడవు తగ్గకూడదు. అడుగున తిరగడానికి పెప్పర్డ్ కోరిడోరాస్ అయిదారు, 22 డిగ్రీల లోపు ఉన్నా బాగుంటుంది. వాటికి మెత్తటి ఇసుకే వేయాలి, లేకపోతే మీసాలు అరిగిపోతాయి. మెడాకా అనే జపాన్ వరిచేప కూడా చక్కటి ఎంపిక. రోజీ బార్బ్ అందమైనదే గానీ 10 సెంటీమీటర్ల దాకా పెరిగే చురుకైన చేప, 100 లీటర్లు ఉంటేనే తీసుకోండి. చెర్రీ రొయ్యలు వైట్ క్లౌడ్‌లతో కలిసి బతుకుతాయి.

ఇవన్నీ ఒకే తొట్టిలో వేయమని కాదు. ఎనిమిది వైట్ క్లౌడ్‌లు, కొన్ని రొయ్యలు, రెండు నత్తలు చాలు. డేనియోలు, వైట్ క్లౌడ్‌లు రెండూ ఎగిరి దూకేవే, మూత తప్పనిసరి.

చేప పొడవు అంగుళాల్లో కొలిచి అన్ని గాలన్ల నీళ్లు అనే లెక్క సరైనదేనా?

చిటికెన వేలంత చేపలకు ఏదో ఉజ్జాయింపుగా పనికొస్తుంది. అదే ఆకారంలో పొడవు రెండింతలైతే చేప బరువు దాదాపు ఎనిమిదింతలవుతుంది. తిండీ మలమూ బరువును బట్టి పెరుగుతాయి గానీ పొడవును బట్టి కాదు.

నాకు గోల్డ్‌ఫిష్షే కావాలి. ఎలా?

రెండు ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్‌లకు 120 లీటర్లు, అంతకు పైన ఎంతైతే అంత మంచిది. ఫిల్టర్ గంటకు తొట్టి నీళ్లను ఎనిమిది పది సార్లు తిప్పేంత ఉండాలి. కామెట్లను తొట్టిలో కాదు, చెరువులాంటి కుంట ఉంటేనే పెంచండి. వైట్ క్లౌడ్‌లను వీటితో కలపొద్దు, నోట్లో పట్టిందల్లా తిండే అనుకుంటాయి. మొక్కలూ అంతే.

పాచి తినే సక్కర్ చేప వేస్తే శుభ్రం చేసే పని తప్పుతుందా?

తప్పదు, పెరుగుతుంది. మామూలుగా అమ్మే సక్కర్ చేప వెచ్చటి నీటిది, 40 సెంటీమీటర్లు దాటుతుంది, తిన్నదానికి తగ్గట్టే మలం పెడుతుంది. ఫైటర్ చేప సంగతీ అంతే, దానికి 25 డిగ్రీల పైన ఉండాలి. అమ్మేవాళ్లు చన్నీటి చేపే అని చెప్పినా తీసుకోవద్దు.

చేపలను తెచ్చాక ఏం చేయాలి?

లైటు ఆర్పి, కవరును తొట్టి నీళ్ల మీద పావుగంట తేలనివ్వండి. తర్వాత అయిదు నిమిషాలకోసారి కాసిని తొట్టి నీళ్లు కవర్లో పోయండి. అరగంటకు చిన్న వలతో చేపలను మాత్రమే తొట్టిలోకి వదిలి, కవర్లో నీళ్లు పారబోయండి. మొదట నాలుగు, రెండు వారాల తర్వాత మిగతావి. ఆ రోజు తిండి వద్దు.

రోజుకెన్నిసార్లు తిండి?

ఒక్కసారి, నిమిషం రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికొక రోజు పస్తు ఉంచినా ఏమీ కాదు. మిమ్మల్ని చూడగానే ముందుకొచ్చి తోక ఆడించడం ఆకలి కాదు, అలవాటు. గోల్డ్‌ఫిష్‌కు అసలు జీర్ణాశయమే లేదు, తిన్నది నేరుగా పేగుల్లోకి పోతుంది. అందుకే దానికి కొంచెం కొంచెంగా రెండు సార్లు వేయడం మేలు. తిండి డబ్బా చిన్నదే కొనండి. పెద్ద డబ్బా చవకే గానీ ఖాళీ అయ్యేలోపు విటమిన్లు పోయి పొడి మిగులుతుంది.

నీళ్లు ఎప్పుడు మార్చాలి? మొత్తం తీసేయాలా?

వారానికి పావు వంతు. సైఫన్ పైపుతో అడుగు మురికి లాగుతూ తీసి, వేడి సమానంగా ఉన్న, యాంటీ క్లోరిన్ వేసిన నీళ్లు పోయండి. నైట్రేట్ 40 పీపీఎం దాటుతుంటే ఇంకొంచెం ఎక్కువ మార్చండి. చేపలు బయటికి తీసి తొట్టి మొత్తం కడిగే అలవాటు మానేయాలి.

స్పాంజ్‌ను తీసిన తొట్టి నీళ్లలోనే పిండండి. ఒకసారి నేను కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా ఉతికాను, శుభ్రంగా ఉందని మురిసిపోయాను కూడా. నాలుగో రోజుకు అమ్మోనియా 1 పీపీఎం చూపించింది. రెండు వారాలు రోజూ నీళ్లు మోయాల్సి వచ్చింది.

నీళ్లు తెల్లగా మసకేశాయి. ఆకుపచ్చగా మారాయి. ఏం చేయాలి?

కొత్త తొట్టిలో తెలుపు బ్యాక్టీరియా పెరుగుదల, కొద్ది రోజులకు అదే పోతుంది. ఆకుపచ్చ అయితే వెలుతురు ఎక్కువైనట్టు. లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు, తిండి తగ్గించండి.

మొక్కలు అవసరమా?

అవసరం కాదు గానీ ప్లాస్టిక్ వాటి కంటే చవక, ఎందుకంటే అవి పెరుగుతాయి. హార్న్‌వర్ట్ తేలేసినా బతుకుతుంది, నైట్రేట్ లాగేస్తుంది. జావా ఫెర్న్, అనూబియాస్‌లను రాయికో కర్రకో దారంతో కట్టండి. వాటి దుంపను ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది.

ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే?

వేడి కంటే ఆక్సిజన్ తగ్గడమే ముందు ప్రమాదం. 15 డిగ్రీల నీళ్లు లీటరుకు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల్లో ఏడున్నర దాకానే. ఎయిర్ పంపు జోరు పెంచండి. మూత తీసి వల కప్పి, నీటి పైభాగం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్లు రోజూ పోస్తుండాలి. ఐసు ముక్కలు మాత్రం లోపల వేయొద్దు, ఒక్కసారిగా చల్లబడితే చేపలు తట్టుకోలేవు.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయి.

వైట్ స్పాట్ అనే పరాన్నజీవి. చుక్కగా అంటుకుని ఉన్నప్పుడు మందు దాన్ని ఏమీ చేయలేదు. చుక్క రాలిపోయి, పిల్లలు నీళ్లలో ఈదేటప్పుడే చస్తాయి. వెచ్చటి నీళ్లలో ఈ చక్రం వారంలో తిరిగితే, చల్లటి నీళ్లలో వారాల తరబడి సాగుతుంది. అందుకే చుక్కలు మాయమైనా మందు మీద రాసిన కోర్సు పూర్తి చేయాలి. అమ్మోనియా కొలవకుండా మాత్రం ఏ మందూ మొదలుపెట్టకండి, సగం జబ్బులు మంచి నీళ్లతోనే తగ్గుతాయి.

వారం ఊరెళ్తే ఎలా?

ఆరోగ్యంగా ఎదిగిన చేపలు వారం తిండి లేకుండా ఉండగలవు. పక్కింటివాళ్లకు డబ్బా అప్పజెప్పడమే ప్రమాదం, జాలిపడి గుప్పెడు వేస్తారు. తప్పదనుకుంటే ఒక్కో రోజుది ఒక్కో పొట్లం కట్టి, డబ్బా దాచేయండి.

పెంచలేకపోతున్నాను. చెరువులో వదిలేయొచ్చా?

వద్దు. గోల్డ్‌ఫిష్‌లు ఎన్నో దేశాల చెరువుల్లో అలా వదలగా పెరిగి, అడుగు బురద కెలికి, అక్కడి చేపల తిండి తినేస్తున్నాయి. మొక్కలను, నత్తలను కూడా కాలువలో పారేయకండి. చేపలను మరో పెంపకందారుకు ఇవ్వండి, లేదా కొన్న దుకాణం వెనక్కి తీసుకుంటుందేమో అడగండి. మొక్కలను ఎండబెట్టి చెత్తలో వేయండి. తొట్టి నీళ్లు మాత్రం కుండీల్లోని మొక్కలకు పోయొచ్చు, ఉప్పో మందో కలపకపోతే.